దాలి నుంచి స్లో కుక్కర్ వరకు: తీరిక లేని వంటింటికి ఒక వైద్యుని సూచనలు

మధుమేహమో, అధిక రక్తపోటో ఉన్నదని తేలిన వ్యక్తికి వైద్యుడు మందుల చీటీతో పాటు ఆహార నియమాలు కూడా చెబుతాడు. ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, పప్పులూ కూరగాయలూ పెంచండి, బయటి తిండి మానండి. ఈ నాలుగు మాటలూ వినని రోగి మన ప్రాంతంలో ఉండడు. ఆచరించేవారు మాత్రం స్వల్పం. ఇందుకు కారణం రోగి నిర్లక్ష్యమేనని మా వృత్తిలోని వారు చాలామంది భావిస్తారు. నేను ఆ భావనతో ఏకీభవించను. ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసిన కాలమంతా ఈ నియమాలకు నాకు ఎక్కువగా వచ్చిన సమాధానం ఒక్కటే: “చెప్పింది బాగానే ఉంది గాని డాక్టరు గారూ, వండే తీరిక ఎక్కడిది?” ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఆహార సలహా సగం సలహాయే. మిగిలిన సగం గురించి ఈ వ్యాసంలో నా అభిప్రాయం చెప్పదలచాను.

పొన్నూరు, నిడుబ్రోలు పరిసరాలలో తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడి చూడండి. గుంటూరు, తెనాలి, బాపట్ల వెళ్ళే ఉద్యోగులు, దుకాణాలలో పనిచేసే ఆడపిల్లలు బస్సుల కోసం, రైళ్ళ కోసం పరుగులు తీస్తుంటారు. మిరప కోతలు, పత్తి తీతలు సాగే రోజులలో కూలి స్త్రీలు పెదనందిపాడు వైపు నల్లరేగడి చేలకు ఆటోలలో కిక్కిరిసి వెళుతుంటారు. వీరంతా తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతుంది. ఆ అలసటలో పొయ్యి మీద అన్నం ఒక్కటి పడేసి, జాడీలోని ఆవకాయతోనో గోంగూర పచ్చడితోనో సరిపెట్టుకోవడం, లేదా కర్రీ పాయింటు నుంచి సంచిలో కట్టించిన కూర తెచ్చుకోవడం ఇంటింటి కథ అయినది. దీనిని బద్ధకమనడం అన్యాయం.

అయితే శరీరం మన కారణాలను వినదు. భారత వైద్య పరిశోధన మండలి నిధులతో సాగిన ఇండియాబ్ దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడినాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదనీ, పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నదనీ ఆ అధ్యయనం తేల్చింది. ఒక మనిషి రోజుకు తీసుకోవలసిన ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే చదునుగా కొలిచిన ఒక చిన్న చెంచాడు. పచ్చడి మెతుకులతో, కొని తెచ్చిన కూరతో రాత్రి భోజనం ముగించే ఇంట్లో ఈ హద్దు దాటకుండా ఉండడం దాదాపు అసాధ్యం. ఆ కూరలో ఉప్పెంతో నూనెంతో తినేవారికి తెలియదు.

రెండు రకాల సమయం

తీరిక లేదనగానే అందరి దృష్టీ వేగంగా అయ్యే వంట మీదికి పోతుంది. రెండు నిమిషాల నూడుల్స్, పొట్లాలలో దొరికే తయారు మసాలాలు, వేడి చేస్తే చాలుననే పదార్థాలు ఈ ఆలోచన నుంచే పుట్టినాయి. వాటిలో చాలావరకు ఉప్పు మోతాదు ఎక్కువ. ఇక్కడ మనం గమనించవలసిన భేదం ఒకటి ఉన్నది. వంట ఉడకడానికి పట్టే సమయం వేరు. ఆ వంట దగ్గర మనిషి నిలబడవలసిన సమయం వేరు. ప్రెషర్ కుక్కరులో పప్పు ఇరవై నిమిషాలలో ఉడుకుతుంది గాని, కూతలు లెక్కపెడుతూ ఆ ఇరవై నిమిషాలూ ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. సన్నని వేడి మీద అదే పప్పు ఆరేడు గంటలు ఉడుకుతుంది. అందులో మనిషి పని మొత్తం కలిపి పావుగంట. పొద్దున్నే ఇల్లు తాళం వేసి పోయే కుటుంబానికి ఈ రెండవ పద్ధతే ఎక్కువ ఉపకారి అని నా అభిప్రాయం. స్లో కుక్కర్ అనే విద్యుత్ పాత్ర చేసే పని ఇదే.

ప్రెషర్ కుక్కరును నేను తక్కువ చేయడం లేదు. అందులో వండితే పోషకాలన్నీ నశిస్తాయనే ప్రచారం నిజం కాదు. పప్పులలోని కొన్ని హానికర పదార్థాలను తొలగించి, వాటి మాంసకృత్తులను సులభంగా జీర్ణమయ్యేట్లు చేయడంలో అది చక్కగా పనిచేస్తుంది. సాయంత్రం ఐదింటికే ఇంట ఉండే మనిషికి స్లో కుక్కర్ అవసరమే లేదు. నా సూచన ఏడింటికి వచ్చే మనిషికి.

మనకు తెలిసిన విద్యే

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. పాడి ఉన్న ప్రతి రైతు ఇంటి పెరటిలోనూ ఒకప్పుడు దాలి ఉండేది. నేటి యువతకు ఈ మాట తెలియకపోవచ్చు. నేలలో తవ్విన గుంటలో పిడకలు రాజేసి, మంట అణగి నిప్పు నివురుగప్పిన తరువాత దాని మీద పాలకుండ పెట్టి మూత వేసేవారు. ఇల్లాలు పొలం వెళ్ళి వచ్చేదాకా పాలు పొంగకుండా, మాడకుండా, ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టి ఉండేవి. ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టడం కూడా ఇటువంటి సన్నని సెగ మీదనే. ఉలవలు పశువులకు, ఆ ఉడికిన నీరు మనుషులకు. నేడు పెళ్ళి విందులలో గొప్పగా వడ్డిస్తున్న ఉలవచారు ఆ నీటి నుంచి వచ్చినదే. పులుసు కాచే రాచ్చిప్ప గుణం కూడా ఇదే: ఆలస్యంగా వేడెక్కుతుంది, దించిన తరువాత కూడా చాలాసేపు ఉడుకు నిలుపుతుంది.

ఆ రోజులను కీర్తించి, మళ్ళీ పిడకల పొయ్యికి పొమ్మనడం నా ఉద్దేశం కాదు. ఆ నిదానపు వంట వెనుక పొగ ఉన్నది. జీవితంలో ఒక్క చుట్ట కూడా కాల్చని స్త్రీలు పొగతాగేవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో ఆయాసపడుతూ వైద్యశాలకు రావడం మా తరం వైద్యులందరం చూశాము. ఇంటి పొయ్యిల పొగ మూలంగా 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకం ఇంటింటికీ గ్యాసు చేర్చి స్త్రీల ఊపిరితిత్తులకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. అయితే పొగతో పాటు ఒక సౌకర్యం కూడా పోయింది. గ్యాసు పొయ్యిని వెలిగించి వదిలి పోలేము. కాపలా లేని వంట వంటింటి నుంచి నిష్క్రమించినది అప్పుడే. పొగ లేకుండా ఆ సౌకర్యాన్ని తిరిగి తెచ్చుకోవడమెలాగన్నదే మన ప్రశ్న.

దీనికి మన దేశంలో మొదట జవాబు వెదికినవారిలో ఒక వైద్యుడు ఉండడం నాకు సంతోషం కలిగించే విషయం. కలకత్తాకు చెందిన డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ 1910లో ఇక్మిక్ కుక్కర్ అనే పాత్రను రూపొందించారు. టిఫిన్ క్యారియరు గిన్నెల వలె ఒకదాని మీద ఒకటి పేర్చిన గిన్నెలలో బియ్యం, పప్పు, కూర విడివిడిగా పెట్టి, పెద్ద గొట్టం వంటి పాత్రలోకి దించి, అడుగున కొద్దిపాటి బొగ్గుల నిప్పు ఉంచేవారు. ఆవిరి మీద గంటల తరబడి అన్నీ ఒకేసారి ఉడికేవి. పూరీ జగన్నాథుని ఆలయంలో ఒకదానిపై ఒకటి పేర్చిన కుండలలో వండే విధానం ఆయనకు ప్రేరణ అని చెబుతారు. ఇంటికి దూరంగా ఒంటరిగా ఉండే ఉద్యోగులకూ, ప్రయాణికులకూ అది ఎంతో ఉపకరించింది.

నేడు బజారులో దొరికే విద్యుత్ స్లో కుక్కరుకు మూలపురుషుడు ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికా యూదుడు. శనివారం విశ్రాంతి దినం గనుక యూదులు శుక్రవారం పొద్దు గుంకిన తరువాత నిప్పు రాజేయరు. అందుచేత చిక్కుడు గింజలు, మాంసం కలిపిన కుండను ముందుగానే రొట్టెల బట్టీలో పెట్టి, మరునాడు తెచ్చుకొని తినేవారు. తూర్పు ఐరోపాలోని ఈ ఆచారాన్ని ఇంటి పెద్దల నోట విన్న నాక్సన్, 1940లో తన విద్యుత్ పాత్రకు పేటెంటు పొందాడు. 1971లో అదే క్రాక్‌పాట్ పేరుతో మార్కెట్లోకి వచ్చి, ఉద్యోగాలకు వెళ్ళే గృహిణుల మూలంగా ఇంటింటికీ చేరింది. దాలి వద్ద మన ఇల్లాలికి కలిగిన అవసరమూ వారి అవసరమూ ఒక్కటే.

ఆరోగ్యానికి నిజంగా మేలెంత?

స్లో కుక్కర్ అమ్మేవారు పోషకాలు నూటికి నూరు పాళ్ళు నిలుస్తాయని చెబుతారు. అది అతిశయోక్తి. సి విటమిను, ఫోలిక్ ఆమ్లం ఎక్కువసేపు వేడి తగిలితే నశిస్తాయి. వేడి సన్ననిదైనా సరే. అందువలన తోటకూర, పాలకూర, గోంగూర వంటి ఆకుకూరలను ఆరు గంటలు ఉడికించడం వ్యర్థం. అవి చివరి పావుగంటలో వేయవలసినవి.

ఉన్న మేలు వేరు. వంట నీటిలో, మూత కింద, వంద డిగ్రీలు దాటకుండా సాగుతుంది. నూనెలో వేపినపుడు, నిప్పుల మీద కాల్చినపుడు ఏర్పడే కొన్ని హానికర రసాయనాలు ఈ తేమ వేడిలో ఏర్పడవు, లేదా అతి స్వల్పంగా ఏర్పడతాయి. పిండి పదార్థాలను అధిక వేడిలో వేపినపుడు ఏర్పడే ఎక్రిలమైడ్ ఇందుకు ఉదాహరణ. నూనె కూడా చాలా తక్కువ పడుతుంది, ఎందుకంటే అడుగంటుతుందనే భయం ఉండదు. అన్నిటినీ మించిన మేలు మరొకటి: రాత్రి ఏడింటికి ఇంటికి వచ్చి మూత తీస్తే వేడిగా కూర సిద్ధంగా ఉంటే, ఆ ఇంటివారు కర్రీ పాయింటు ముందు ఆగరు. నా దృష్టిలో దీని వైద్య ప్రయోజనంలో అధిక భాగం ఇదే.

మధుమేహం ఉన్నవారికి ఒక హెచ్చరిక. రాగి జావ, జొన్న జావ ఎంత తాగినా చక్కెర పెరగదని చాలామంది నమ్ముతున్నారు. ధాన్యాన్ని మెత్తగా పిండి చేసి, ఎక్కువసేపు ఉడికించి, పలుచగా తాగితే అది అతి త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. ధాన్యం మంచిదే, దానిని చేసిన తీరు ముఖ్యం. కనుక వీరు ఈ పాత్రను జావలకు గాక పప్పులకు, గింజలకు, కూరలకు వినియోగించుకోవాలి. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు పప్పుల పరిమాణం విషయంలో తమ వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

తప్పనిసరి జాగ్రత్తలు

సూక్ష్మజీవులు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేగంగా వృద్ధి చెందుతాయి. స్లో కుక్కర్ చివరకు 90 డిగ్రీలు దాటుతుంది గాని, చల్లని పదార్థాలతో మొదలుపెడితే ఆ స్థాయికి చేరడానికి గంటలు పట్టవచ్చు. నిదానపు వంటలో అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. అందుచేత ఈ క్రింది నియమాలు పాటించవలసిందిగా కోరుతున్నాను.

ఒకటి: చన్నీళ్ళు పోయకండి. ఏ వంటనైనా పొయ్యి మీద ఒకసారి తెర్లనిచ్చి, ఆ ఉడుకుతోనే పాత్రలోకి మార్చండి.

రెండు: గడ్డకట్టిన మాంసం నేరుగా వేయకండి. ముందు రాత్రి ఫ్రిజ్‌లోని కింది అరలో ఉంచి పూర్తిగా కరగనివ్వండి.

మూడు: పచ్చి మాంసం నింపి, మధ్యాహ్నం దానంతట అదే మొదలయ్యేట్లు టైమరు పెట్టి పోకండి. మన ఎండలలో ఆ నాలుగు గంటలు చాలు, మాంసం చెడిపోవడానికి.

నాలుగు: పాత్ర సగానికి తక్కువ గాని, మూడింట రెండు వంతులకు ఎక్కువ గాని నింపకండి. మాటిమాటికీ మూత తీయకండి. తీసినపుడల్లా వేడి పోయి, వంట ఆలస్యమవుతుంది.

ఐదు: మీరు ఇంట లేనపుడు కరెంటు చాలాసేపు పోయినట్లు తెలిస్తే, మాంసాహారమైనా పప్పైనా, చూడడానికి ఉడికినట్లే ఉన్నా పారవేయండి. ప్రాణం కన్న కూర ఎక్కువ కాదు.

ఆరు: రాజ్మా గింజల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిపడా వేడి చేరని స్లో కుక్కరులో అది నశించకపోగా, పచ్చి గింజలలో కన్న హెచ్చు హాని చేయవచ్చు. తిన్న మూడు గంటలలోపే తీవ్రమైన వాంతులు మొదలవుతాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో అరగంట తెర్ల కాగనిచ్చిన తరువాతనే ఈ పాత్రలో వేయాలి. కందిపప్పు, పెసరపప్పులకు ఈ భయం లేదు.

ఏడు: మిగిలిన కూరను ఆ పాత్రలోనే రాత్రంతా వదలకండి. పెద్ద గిన్నెలోని మాంసం కూర నిదానంగా చల్లారుతుంటే, ఉడుకును తట్టుకొని బ్రతికిన క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ వంటి జీవులు మళ్ళీ విజృంభిస్తాయి. విందుల మరునాటి విరేచనాలలో చాలావాటికి ఇదే మూలం. వెడల్పు గిన్నెలలోకి పలుచగా సర్ది రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. వేసవిలో అయితే గంటలోపే. నిన్నటి చేపల పులుసు రుచి నాకూ తెలుసును. ఆ పులుసుకు కూడా ఇదే నియమం. మరునాడు పొయ్యి మీద తెర్ల కాచి తినండి గాని, స్లో కుక్కరులో వేడి చేయకండి.

రైస్ కుక్కరులోని ‘వార్మ్’ మీట వండిన అన్నాన్ని వేడిగా ఉంచడానికి మాత్రమే. దానితో పచ్చి పదార్థాలు ఉడికించే ప్రయత్నం చేయవద్దు.

మన వంటలు నాలుగు

ఇంటర్నెట్టులో కనబడే స్లో కుక్కర్ వంటలు చాలావరకు పాశ్చాత్యుల సూపులు, మాంసం ముద్దలు. అవి మనకు అక్కరలేదు. నలుగురికి సరిపోయే మన వంటలు కొన్ని చెబుతాను. ‘లో’ అనే మీట మీద వదిలితే పప్పుకు ఆరేడు గంటలు, ‘హై’ మీద మూడు నాలుగు గంటలు లెక్క. సుమారు 200 వాట్ల పాత్ర ఆరు గంటలు నడిస్తే 1.2 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.

మొదటిది దోసకాయ పప్పు. ఒక గ్లాసు కందిపప్పు కడిగి, మీరు స్నానం ముగించి వచ్చేదాకా నాననివ్వండి. దోసకాయ ముక్కలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు చేర్చి, మూడున్నర గ్లాసుల నీటితో పొయ్యి మీద పది నిమిషాలు తెర్లనిచ్చి పాత్రలోకి మార్చి వెళ్ళండి. ఉప్పు, చింతపండు అప్పుడు వద్దు. పులుపు ముందే తగిలితే పప్పు మెత్తబడదు. ఇంటికి వచ్చిన తరువాత చింతపండు రసం, అర చెంచా ఉప్పు వేసి, పావుగంట ఉంచి, ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టండి. గోంగూర పప్పుకూ ఇదే క్రమం. గోంగూర కూడా చివరనే.

రెండవది ఉలవచారు. పావు కిలో ఉలవలు రాళ్ళు ఏరి, రాత్రి నానబెట్టండి. ఉదయం ఆ నీరు పారబోసి, ఒకటిన్నర లీటర్ల కొత్త నీటితో పది నిమిషాలు తెర్లనిచ్చి, ‘లో’ మీద ఎనిమిది గంటలు వదలండి. సాయంత్రం వడకట్టి, ఆ చిక్కని నీటిలో చింతపండు, ఉల్లిపాయ, జీలకర్ర, మిరపకాయలు వేసి పొయ్యి మీద మూత లేకుండా మరగనివ్వాలి; స్లో కుక్కరులో నీరు ఆవిరి కాదు గనుక చిక్కబడడానికి ఈ చివరి పని తప్పదు. గింజలు పారవేయకండి. ఉల్లిముక్కలు, నిమ్మరసం కలిపితే మంచి గుగ్గిళ్ళు. పీచూ మాంసకృత్తులూ అధికభాగం వాటిలోనే ఉన్నాయి. హోటళ్ళలో ఉలవచారు మీద వేసే మీగడ మీకు వద్దు.

మూడవది ముక్కల పులుసు. చిలగడదుంప, ములక్కాడ, గుమ్మడి, సొరకాయ. వేడి అడుగు నుంచి, పక్కల నుంచి వస్తుంది గనుక దుంపలు అడుగున, సొర, గుమ్మడి పైన పేర్చండి. ముక్కలు మునిగేంత మరుగుతున్న నీరు పోయండి. చింతపండు, కొద్ది బెల్లం సాయంత్రమే. ఐదు గంటలు చాలు.

నాలుగవది నాటుకోడి కూర. గట్టి మాంసంలోని కీళ్ళ చుట్టూ ఉండే పీచు పదార్థం సన్నని తేమ వేడిలో గంటల తరబడి నానితే మెత్తబడి జెలటిన్‌గా మారుతుంది. నాటుకోడికి, మేక కాలికి ఈ పద్ధతి అందుకే అతికినట్లు సరిపోతుంది. తోలు, కనిపించే కొవ్వు తీసివేయండి. అల్లం వెల్లుల్లి, ఉల్లి రెండు చెంచాల నూనెలో వేగిన తరువాత ముక్కలు, ధనియాల పొడి, కారం, ఒక గ్లాసు వేడినీరు చేర్చి తెర్లనిచ్చి, ‘లో’ మీద ఏడెనిమిది గంటలు ఉంచండి. బ్రాయిలర్ కోడికి అంత అవసరం లేదు. ముక్క చీలికలై పోతుంది.

కారం గురించి ఒక మాట. మిరపకు పేరు పొందిన సీమలో ఉంటూ కారం మానమని నేను చెప్పను. కారం పెరిగిన కొద్దీ దానికి సరిపోయేందుకు ఉప్పు పెరుగుతుంది. ఆ రెంటినీ తట్టుకోవడానికి అన్నం పెరుగుతుంది. నిదానంగా ఉడికిన కూరలో ఉల్లి, ధనియాలు, వెల్లుల్లి రుచులు బాగా దిగుతాయి గనుక కారం తగ్గించినా చప్పగా అనిపించదు. ఉప్పు ఎప్పుడూ చివర, రుచి చూసి, వేయండి.

కొనలేనివారికి దూది పెట్టె

కొన్ని వేల రూపాయల పాత్ర అందరూ కొనలేరు. వారికి కరెంటే అక్కరలేని ఉపాయం ఒకటి ఉన్నది. 1867లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో నార్వే వంట పెట్టెను ప్రదర్శించారు. ప్రపంచ యుద్ధాల కాలంలో ఇంధనం కరువైనపుడు బ్రిటన్ గృహిణులు గడ్డి కూరిన పెట్టెలలో వంట చేశారు. సూత్రం ఒక్కటే: ఉడుకుతున్న గిన్నె చుట్టూ కదలని గాలిని బంధిస్తే వేడి పోదు. ఆ గాలిని బంధించడంలో దూది గడ్డికి తీసిపోదు. పత్తి పండే సీమలో మనకు దూదికి కొరత లేదు.

అట్టపెట్టెలో గాని, వెదురు గంపలో గాని పాత దూది దిండ్లు, బొంతలు అడుగున, చుట్టూ మందంగా పరచండి. కనీసం రెండు లీటర్ల గిన్నె నిండుగా పప్పు లేదా గింజలు పదిహేను నిమిషాలు తెర్లనిచ్చి, మూత తీయకుండా శుభ్రమైన గుడ్డలో చుట్టి మధ్యలో దించి, పైన మరొక దిండు ఒత్తి మూయండి. కొద్దిపాటి వంట త్వరగా చల్లారుతుంది గనుక చిన్న గిన్నె పనికిరాదు. మూడు నాలుగు గంటలకు పప్పు మెత్తబడి ఉంటుంది. తినే ముందు మళ్ళీ ఒకసారి తెర్ల కాచడం విధిగా చేయాలి. మాంసానికి ఈ పద్ధతి వాడవద్దు. పొద్దున పెట్టి సాయంత్రం దాకా వదిలివేయడానికి కూడా ఇది కాదు. అప్పటికి వేడి 60 డిగ్రీల కిందికి జారుతుంది. మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారికి, ఇంట్లో పెద్దవారున్న కుటుంబాలకు ఇది సరిపోతుంది.

పావుగంట ఎవరిది?

చివరిగా నేను ముఖ్యమని భావించే విషయం. స్లో కుక్కర్ కొనిచ్చి, ఇక నీ కష్టం తీరిందని భార్యతో చెప్పే భర్తలు ఉంటారు. మిరప చేలో పది గంటలు వంగి వచ్చిన స్త్రీకి, బస్సులో నిలబడి వచ్చిన ఉద్యోగినికి యంత్రం వలన మిగిలే సమయం మరొక ఇంటిపనితో నిండిపోతే, ఆ ఇంటి ఆరోగ్యం బాగుపడినట్లు కాదు. ఈ పద్ధతిలో నైపుణ్యం కన్న క్రమం ముఖ్యం. పప్పు కడగడం, ముక్కలు తరగడం, నీరు కొలవడం, మీట నొక్కడం ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడు చేయగలిగిన పని. అరవై దాటి ఇంట ఉన్న తండ్రి కూడా చేయగలడు. నా దగ్గరకు వచ్చిన మధుమేహ రోగులలో పురుషులు ఎందరో “మా ఇంటావిడకు చెప్పండి డాక్టరు గారూ” అని పథ్యం సంగతి భార్య మీదికి తోసేవారు. జబ్బు నీది అయినపుడు పావుగంట వంట కూడా నీదే కావాలని వారికి నా సలహా.

వారానికి ఏడు రోజులూ ఇలా చేయనక్కరలేదు. ఆదివారం సాయంత్రం కూర్చొని రాబోయే వారంలో మూడు రోజులు ఎంచుకోండి: ఒకనాడు పప్పు, ఒకనాడు ఉలవలో అలసందలో, ఒకనాడు పులుసు. ఏ రోజు ఎవరు పాత్ర నింపాలో పేరు రాసి గోడ మీద అంటించండి. నెల గడిచిన తరువాత మీ ఇంట ఆవకాయ జాడీ ఎంత తగ్గిందో, బయటి కూరకు ఎంత ఖర్చయిందో చూసుకోండి. రక్తపోటు ఉన్నవారు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొలత చూపించుకొని, మునుపటి చీటీ పక్కన రాసుకోండి. మందులు మాత్రం మీ వైద్యుడు చెప్పేదాకా ఒక్కటి కూడా తగ్గించవద్దు.